ముష్టియుద్ధం

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్న, మిక్సీ రొదలో నాకేమీ వినపడని వేళ చూసుకుని, మా మనవరాలు టిక్కెట్ల పుస్తకం ఒకటి పట్టుకొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అమ్మమ్మా, నువ్వు రెండు టిక్కెట్లు కొనాలి. ఒక్కోటి వంద రూపాయలు."

"దేనికే?"

"కరాటే టోర్నమెంటుకి. మా మాస్టారు పెడుతున్నారు. వచ్చిన డబ్బంతా కేన్సర్ పేషెంట్లకి ఇచ్చేస్తాం."

మిక్సీ ఆపేశాను. "బాగానే వుంది! మీరు ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుని, ఆ డబ్బు పెట్టి రోగులకి వైద్యం చేయిస్తారా? వింటే నలుగురూ నవ్విపోతారు," అన్నాను.

హాల్లో పేపరు చదువుకుంటున్న మావారు అక్కణ్ణించే అందుకున్నారు. "అదేం కొత్త కాదోయ్. డెబ్బై అయిదేళ్ళ కిందటే షుగర్..."

"షుగరా? ఎంత వుందిట? పరగడుపున చూపించుకున్నారా, తిన్నాకా?" అన్నాను కంగారుగా.

"నాక్కాదు మహాతల్లీ! షుగర్ రే రాబిన్సన్ అని ఒక బాక్సరు. షుగర్ అనేది అతని ముద్దుపేరు."

మావారికి పాత బాక్సర్ల కథలంటే పిచ్చి. బాంకు వుద్యోగం చేస్తున్న రోజుల్లో ఎక్కడికి బదిలీ అయినా, సామాన్లలో ముందు ఆ పుస్తకాల పెట్టె లారీ ఎక్కేది. నలభై ఏళ్ళుగా వాటి దుమ్ము దులిపానే గాని, ఒక్క పుస్తకం తెరిచి చూసిన పాపాన పోలేదు. ముక్కులు చితికిపోయిన ఆ మొహాల బొమ్మలు చూడ్డానికి నాకు మనసొప్పేది కాదు. ఆ రోజు మధ్యాహ్నం మాత్రం భోజనాలయ్యాక పెట్టె నేనే తెరిచాను. ఎందుకు తెరిచానో ముందు చెప్పాలి.

మా పెద్దమ్మకి రొమ్ములో గడ్డ వచ్చిందని నాకు తెలిసేటప్పటికి నాకు పదకొండేళ్ళు. అది 1973. తెలిసింది అంటే ఎవరో చెప్పారని కాదు. ఆ రోజుల్లో పిల్లలకి ఏదీ ఎవరూ చెప్పేవారు కాదు. పెరట్లో మా అమ్మా, అమ్మమ్మా మాట్లాడుకుంటుంటే "రాచపుండు" అన్న మాట చెవిని పడింది. మర్నాటి నించి ఆ మాట కూడా పోయి, "మద్రాసు జబ్బు" అయింది. అడయారులో దానికోసమని ప్రత్యేకంగా ఆస్పత్రి వుంది, పెద్దనాన్న ఆవిణ్ణి రైల్లో అక్కడికి తీసుకెళ్ళారు. తిరిగొచ్చాక పెద్దమ్మ కంచం వేరు, గ్లాసు వేరు. అంటుకునే జబ్బు కాదని మద్రాసు డాక్టర్లు చెప్పి పంపినా, మా ఇంట్లో మాత్రం ఎవరి భయం వాళ్ళది. ఒకనాటి సాయంత్రం పెద్దమ్మ మాగాయ కలిపిన అన్నం ముద్ద చేసి, ఎప్పటిలాగే "రావే" అని చెయ్యి జాపింది. నేను వెనక్కి జరిగాను. ఆవిడ ఏమీ అనలేదు. ఆ ముద్ద కంచంలో పెట్టేసుకుంది. రెండు వుగాదులు చూసి వెళ్ళిపోయింది.

అందుకని నాకు ఆ జబ్బు పేరెత్తితే మనసు అదోలా అయిపోతుంది. పదకొండేళ్ళ మా మనవరాలు "కేన్సర్ పేషెంట్లు" అని అంత తేలిగ్గా, సినిమా టిక్కెట్లు అడిగినట్టు అంటుంటే, ఆ మాటని ఇంత బాహాటంగా అనడం మనుషులు ఎప్పుడు నేర్చుకున్నారా అనిపించింది.

పుస్తకాల్లో దొరికిన కథ ఇదీ.

న్యూయార్కులో డేమన్ రన్యన్ అని ఒక పత్రికా రచయిత వుండేవాడు. బ్రాడ్వే వీధి జూదగాళ్ళ మీదా, రౌడీల మీదా, నాటకాల పిల్లల మీదా హాస్యకథలు రాసి మహా పేరు తెచ్చుకున్నాడు. అంతకంటే ముందు ఆయన బాక్సింగ్ విలేకరి. గోదాలోకి ఎక్కని రోజుండచ్చేమో గాని, గోదా పక్కన కూచోని వారం లేదు. మనిషి మందు ముట్టడు గాని సిగరెట్లు మాత్రం పెట్టెలు పెట్టెలు కాల్చేవాడు. గొంతులో కేన్సర్ వచ్చింది. 1944లో స్వరపేటిక తీసేశారు. మాటలతో బతికిన మనిషికి మాట పోయింది! ఆఖరి రెండేళ్ళూ కాగితం ముక్కల మీద రాసి చూపిస్తూ స్నేహితులతో కబుర్లాడేవాడట. 1946 డిసెంబరు 10న పోయాడు. ఆయన కోరుకున్నట్టే బూడిదని విమానంలోంచి బ్రాడ్వే మీద చల్లారు.

ఆయనకి వాల్టర్ వించెల్ అని ఒక స్నేహితుడు. రేడియోలో ఆదివారం రాత్రి వార్తలు చదివేవాడు. ఎవరి గుట్టు ఎప్పుడు బయటపెడతాడో అని దేశమంతా భయపడే నోరు అది. మంచివాడని నేను చెప్పలేను గాని, స్నేహితుడు పోయిన వారమే ఆ నోటితో ఒక మంచిపని చేశాడు. నా మిత్రుణ్ణి కేన్సర్ చంపింది, దాని మీద తిరగబడదాం, పైసా అయినా సరే డాలరైనా సరే పంపండి అని గాలిలో అడిగేశాడు. అలా పుట్టింది డేమన్ రన్యన్ కేన్సర్ నిధి.

ఇప్పుడిది మనకేమంత గొప్పగా అనిపించదు. ఆ రోజుల్లో అమెరికాలో కూడా ఈ జబ్బు పేరు గుసగుసే. 1950ల మొదట్లో కూడా, రొమ్ము కేన్సర్ వచ్చి తగ్గిన ఆడవాళ్ళం కలుసుకుంటాం, ప్రకటన వేయండి అని ఒకావిడ అక్కడి ఒక పెద్ద పత్రికకి ఫోను చేస్తే, రొమ్మూ వెయ్యం, కేన్సరూ వెయ్యం, ఛాతీ గోడ జబ్బులు అని కావాలంటే వేస్తాం అన్నారుట. "మద్రాసు జబ్బు" అన్న మా అమ్మమ్మని ఇంకేమనుకుంటాం చెప్పండి!

నిధికి డబ్బు ఎక్కణ్ణించి వస్తుంది? పైసలు పంపేవాళ్ళు పైసలు పంపారు. మిల్టన్ బెర్ల్ అనే హాస్యనటుడు 1949 ఏప్రిల్లో టెలివిజన్లో పదహారు గంటలు ఏకబిగిని కూచుని పది లక్షల డాలర్ల పైచిలుకు పోగుచేశాడు. దాన్ని టెలివిజన్లో జరిగిన మొదటి చందా జాతరగా చెప్పుకుంటారు. నాటకాల వాళ్ళు మంచి సీట్ల టిక్కెట్లు నిధికిస్తే, హెచ్చు ధరకి అమ్మేవారు. రన్యన్ బాక్సింగ్ మనిషి కాబట్టి బాక్సర్లూ వచ్చారు. ఇక్కడికొచ్చాడు మన షుగర్.

అసలు అతని పేరు షుగరూ కాదు, రే రాబిన్సనూ కాదు. వాకర్ స్మిత్. 1921లో పుట్టాడు. తల్లి పిల్లల్ని తీసుకుని, మొగుడికి దూరంగా న్యూయార్కులో నల్లవాళ్ళుండే హార్లెం పేటకి వచ్చి పడింది. పిల్లాడు చిల్లర కోసం బ్రాడ్వే వీధిలో డాన్సు చేసేవాడు. బాక్సింగ్ పోటీలకి వయసు చాలక, రే రాబిన్సన్ అనే ఇంకో కుర్రాడి కార్డు అరువు తెచ్చుకుని గోదా ఎక్కాడు. గెలిచాక ఇంక ఆ పేరే వుండిపోయింది. దెబ్బలాట పంచదారంత తీయగా వుందని ఎవరో అంటే షుగర్ చేరింది. పేరు అరువుదైనా, ఆట మాత్రం సొంతం. అంతటి బాక్సరు మళ్ళీ పుట్టలేదని ఇప్పటికీ చాలామంది అంటారు. మావారైతే ఆ మాట ఎదురు చెప్పడానికి వీల్లేనట్టు అంటారు.

రన్యన్ పోయిన పదో రోజున, అంటే 1946 డిసెంబరు 20న, రాబిన్సన్ తన బరువు వాళ్ళలో ప్రపంచ విజేత అయ్యాడు. ఆ బిరుదు నిలబెట్టుకోవడానికి ఆడిన మొదటి పోటీ దగ్గర నేను పుస్తకం మూసేసి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను.

1947 జూన్ 24, క్లీవ్‌లండ్ వూరు. ఎదటివాడి పేరు జిమ్మీ డాయిల్, ఇరవై రెండేళ్ళవాడు. ముందురోజు రాత్రి రాబిన్సన్‌కి కల వచ్చింది: తన దెబ్బకి డాయిల్ చచ్చిపోయినట్టు. పొద్దున్నే లేచి, నేనివాళ ఆడనని మొండికేశాడు. పోటీ పెట్టినవాళ్ళు ఊరుకుంటారా? టిక్కెట్లు అమ్ముడుపోయాయి. ఒక కేథలిక్కు ఫాదరునీ, ఒక ప్రొటెస్టంటు పాదిరీనీ తీసుకొచ్చి, కలలు నమ్మకూడదు నాయనా అని చెప్పించారు. ఎనిమిదో రౌండులో రాబిన్సన్ ఎడమచేతి దెబ్బకి డాయిల్ పడిపోయాడు. మర్నాడు ఆస్పత్రిలో ప్రాణం పోయింది.

మన ఇళ్ళల్లో అయితే కల పీడకలైతే ప్రయాణం మానుకోమంటాం. పెద్దవాళ్ళ చాదస్తం అని పిల్లలు నవ్వుతారు. ఆ రోజు ఆ చాదస్తం గల అమ్మమ్మ ఒకావిడ ఆ గదిలో వుంటే బాగుండేది.

విచారణలో అడిగారు, అతన్ని ఇబ్బందిలో పెట్టాలనే కొట్టావా అని. నా వృత్తే అది అన్నాడు రాబిన్సన్. నిజమే చెప్పాడు. కాని తరవాత తెలిసింది అతనికి, డాయిల్ ఈ డబ్బుతో వాళ్ళమ్మకి ఇల్లు కొనిపెట్టాలనుకున్నాడని. ఆ పైన తనాడిన నాలుగు పోటీల సొమ్ము ఆ తల్లికి ఇచ్చాడు. ఆవిడ ఇల్లు కొనుక్కుంది.

ఆ ఇంట్లో ఆవిడ ఎలా వుండగలిగిందో అని నేను చాలాసేపు ఆలోచించాను. ఇలాంటివి బాక్సింగ్ పుస్తకాల్లో రాయరు. ఎన్నో రౌండులో, ఏ చేత్తో అని మాత్రం చక్కగా రాస్తారు.

మూడేళ్ళ తరవాత, 1950 ఆగస్టు 9న, న్యూయార్కుకి నది అవతల జెర్సీ సిటీలో రూజ్వెల్ట్ స్టేడియంలో రాబిన్సన్ మళ్ళీ బిరుదు పందెంగా పెట్టి ఆడాడు. ఎదటివాడు చార్లీ ఫుసారీ. అతనికి "అర్వింగ్టన్ పాలవాడు" అని ముద్దుపేరు. పదిహేను రౌండ్లూ పూర్తిగా జరిగాయి, పాయింట్ల మీద రాబిన్సన్ గెలిచాడు. ఆట సంగతి అంతే. తన వాటాకి వచ్చిన సొమ్ములో ఒక్క డాలరు వుంచుకుని, తక్కినదంతా డేమన్ రన్యన్ కేన్సర్ నిధికి ఇచ్చేశాడు.

ఒక్క డాలరు! మనం ఎవరికైనా చదివించేటప్పుడు వంద అని ఇవ్వం, నూట పదహార్లు ఇస్తాం. ఇచ్చే చేతి మీద పైన ఇంకొంచెం వుండాలి, సున్నాతో ఆగకూడదు అని. ఈ మహానుభావుడు లెక్క తిరగేశాడు, ఆ పైనున్న ఒకటి తనకి వుంచుకుని నూరూ వాళ్ళకిచ్చాడు.

డబ్బు దగ్గర అమాయకుడనుకునేరు! పోటీలు పెట్టేవాళ్ళతో అణాపైసల దగ్గర పట్టుబట్టే మనిషి. ఒప్పందం నచ్చకపోతే ఆఖరి నిమిషంలో రానని కూచునేవాడు. గులాబీరంగు కాడిలాక్ కారులో తిరిగేవాడు. మంగలితో సహా పరివారాన్ని వెంటేసుకుని యూరప్ వెళ్ళాడు. 1951 మేలో పారిస్‌లో ఫ్రాన్సు అధ్యక్షుడి భార్య మేడం ఓరియోల్‌కి కేన్సర్ నిధి చెక్కు ఇచ్చి, నిండు సభలో ఆవిణ్ణి రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టుకున్నాడట. వాళ్ళ దేశం మర్యాద లెండి అది. "చెక్కు ఇచ్చాడు సరే, ఈ ముద్దుల గొడవ కూడా రాయాలా?" అని మావారు అడిగారు. రాయాలి. వీధుల్లో చిల్లరకి డాన్సు చేసిన నల్లపిల్లాడు ఒక దేశాధ్యక్షుడి భార్యకి దానమిచ్చి పలకరించాడంటే, ఆ రోజుల్లో అతని సొంతదేశంలో కొన్ని హోటళ్ళలోకి రానివ్వని మనిషి అతను.

డాయిల్ తల్లికిచ్చిందీ, కేన్సర్‌కిచ్చిందీ ఒకే పాపపరిహారం పద్దులోవి అంటారు మావారు. నాకలా తోచలేదు. మొదటిది బాకీ, రెండోది దానం. బాకీ తీర్చిన చేతికి దానం అలవాటయిందేమో. అంతవరకూ ఒప్పుకుంటాను.

సంస్కృతంలో ముష్టి అంటే పిడికిలి. పిడికిళ్ళతో పొడుచుకుంటే ముష్టియుద్ధం. మన గుమ్మంలో పిడికెడు బియ్యం వేస్తే అదీ ముష్టే. ఇన్నేళ్ళుగా రెండు మాటలూ వాడుతూ, రెండూ ఒకటేనని నాకు ఆ మధ్యాహ్నం దాకా తట్టలేదు.

దానాలిచ్చిన బాక్సరు రాబిన్సన్ ఒక్కడే కాదు. ప్రపంచయుద్ధం రోజుల్లో, 1942లో, జో లూయీ రెండు పోటీల సొమ్ము ఒకటి నౌకాదళం సహాయనిధికి, ఒకటి సైన్యం నిధికి ఇచ్చాడు. ఆ తరవాత ఆదాయప్పన్ను బాకీలు జీవితాంతం ఆయన్ని వెంటాడాయి. దానానికి కూడా మంచి గుమాస్తా వుండాలి.

పిడికిలి బిగించకుండా కూడా ఇదే పని జరిగిందని నేను మావారికి గుర్తుచేశాను. మా పెద్దమ్మని తీసుకెళ్ళిన అడయారు ఆస్పత్రి ఎవరు కట్టించారనుకున్నారు? డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి గారు. ఆవిడ చెల్లెలు ఈ జబ్బుతోనే పోయింది. ముందు జిగట విరేచనాలనుకుని మందులిచ్చారు, తీరా తెలిసేసరికి చేయి దాటిపోయింది. ఆ దుఃఖం మనసులో పెట్టుకుని, ఆడవాళ్ళ సంఘం పేరు మీద చందాలు పోగుచేసి, చచ్చేవాళ్ళకి ఆస్పత్రేమిటన్న పెద్దమనుషుల్ని ఎదుర్కొని, 1954లో పన్నెండు పడకలతో మొదలుపెట్టారు. రన్యన్ నిధి పుట్టిన ఎనిమిదేళ్ళకే. అక్కడ ముష్టియుద్ధం చేసి ఇచ్చారు, ఇక్కడ ముష్టెత్తి ఇచ్చారు.

ఆ తరవాత కాలం మారింది. 2010 దాటాక ఇంగ్లండులో మామూలు మనుషులు, గుమాస్తాలూ నర్సులూ టీచర్లూ, ఎనిమిది వారాలు బాక్సింగ్ నేర్చుకుని, తలకి మెత్తల టోపీలు పెట్టుకుని, బంధువులకి టిక్కెట్లమ్మి గోదా ఎక్కడం మొదలుపెట్టారు. లక్షల కొద్దీ పౌన్లు కేన్సర్ పరిశోధనకి వెళ్ళాయి. వాళ్ళలో చాలామంది తల్లినో తండ్రినో ఆ జబ్బుకి పోగొట్టుకున్నవాళ్ళు. మంచిదే. కాని 2022లో అక్కడ వూస్టర్ అనే వూళ్ళో అలాంటి ధర్మార్థం పోటీలోనే ఒక యువకుడు దెబ్బ తగిలి చనిపోయాడు. ఎనిమిది వారాల్లో కొట్టడం వస్తుంది, కాచుకోవడం వస్తుందా? ఒక తల్లి బిడ్డని నయం చేయడానికి ఇంకో తల్లి బిడ్డ గోదాలో పడిపోవడం నాకు ఏ లెక్కలోనూ సరిపోలేదు. ఆ పేజీ చదివాక, లేచి మనవరాలిని పిలిచి, "నువ్వు ఆడద్దులే, డబ్బు నేనిస్తాను" అన్నాను.

అది నడుం మీద చేతులు పెట్టుకుని నించుంది. "అమ్మమ్మా, ముందు నువ్వొచ్చి చూడు."

టోర్నమెంటు ఒక కళ్యాణమండపంలో. ముందురోజు పెళ్ళి తాలూకు బంతిపూల దండలు ఇంకా స్తంభాలకి వున్నాయి. వధూవరుల సింహాసనాల్లో న్యాయనిర్ణేతలు కూచున్నారు. భోజనాల హాల్లోంచి సాంబారు వాసన. తెల్లబట్టల పిల్లలు వందమంది దాకా, సగానికి పైగా ఆడపిల్లలు. జడలు గట్టిగా బిగించి, చేతులకి మెత్తటి తొడుగులు, నోట్లో పళ్ళకి రబ్బరు కవచం.

నా పక్కనే కూచున్న మాస్టారు ఓపిగ్గా చెప్పారు. కరాటే అంటే జపాను భాషలో ఉత్త చెయ్యి. ముందు కాతా అని ఒంటరిగా చేసే విన్యాసం, ఎదటివాళ్ళు వుండరు. తరవాత కుమితే, ఇద్దరూ ఎదురెదురుగా. అయితే పిల్లల కుమితేలో దెబ్బ గట్టిగా తగలకూడదు. పిడికిలి మెరుపులా వెళ్ళి, మొహానికి తగిలీ తగలకుండా ఆగిపోవాలి. ఆపలేక గట్టిగా కొడితే కొట్టినవాళ్ళకే తప్పు పడుతుంది, ఎక్కువైతే పోటీలోంచే తీసేస్తారు. "కొట్టడం నెలలో నేర్పేస్తానమ్మా. ఆపడం నేర్పడానికే ఏళ్ళు పడుతుంది," అన్నారాయన.

మా పిల్ల ఎర్రబెల్టు. ఎదటిపిల్ల నీలం బెల్టు, దీనికంటే జానెడు పొడుగు. నేను కళ్ళు సగం మూసుకునే చూశాను. రెండు నిమిషాలు కూడా లేదు గాని నాకు రెండు గంటలయింది. మా పిల్ల పిడికిలి ఆ పిల్ల ముక్కు ముందు బెత్తెడు దూరంలో ఠక్కున ఆగడం మాత్రం కళ్ళారా చూశాను. అదయ్యాక ఇద్దరూ వంగి నమస్కారాలు పెట్టుకుని, చేతులు పట్టుకుని మంచినీళ్ళకి పరిగెత్తారు. మావాళ్ళు ఓడిపోయారు లెండి, ఒక్క పాయింటు తేడాలో.

ఇంటికొచ్చాక మిగిలిన పుస్తకం పూర్తిచేశాను. రాబిన్సన్ ఆఖరి పోటీలు 1965లో. నలభై లక్షల డాలర్లు సంపాదించి, అంతా ఖర్చుపెట్టేశాడు. 1969లో లాస్ ఏంజిలస్‌లో పేదపిల్లల కోసం ఒక సంస్థ పెట్టాడు. ఆటలూ పాటలూ అన్నీ నేర్పేవారు. బాక్సింగ్ మాత్రం నేర్పలేదు. ముసలితనంలో మతిమరుపు జబ్బు కమ్ముకుని, 1989 ఏప్రిల్ 12న పోయాడు.

కళ్యాణమండపం గుమ్మం దగ్గర బల్ల వేసుకుని ఒకమ్మాయి విరాళాలకి రసీదులు రాసింది. టిక్కెట్లు కాకుండా వెయ్యి నూట పదహార్లు ఇచ్చాను. "ఎవరి జ్ఞాపకార్థమైనా రాయమంటారా ఆంటీ?" అంది. పెద్దమ్మ పేరు చెప్పాను. "ఆవిడకి...?" అని ఆ పిల్ల ఆగింది.

"కేన్సర్," అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. పక్కనున్నవాళ్ళు తలతిప్పి చూశారు.

మా మనవరాలు నా కొంగు పట్టుకు లాగుతోంది, ఓడిపోయినవాళ్ళకి కూడా ఐస్‌క్రీమ్ కొనిపెట్టాలిట.